నడిమి పలక కింద

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమంగా ఉన్నాను. అక్కడ మీరు, అమ్మ, అక్క, బావ, పిల్లలిద్దరూ క్షేమమని తలుస్తాను. ఆ మాట రాయడానికి ఈసారి కలం కొంచెం మొరాయించింది కానీ, అది లేకుండా ఉత్తరం మొదలుపెడితే అమ్మ కంగారుపడుతుంది. అందుకని రాశాను. ఇక అసలు సంగతికి వస్తాను.

మన ఇంటికి ఒక అన్యాయం జరిగింది. చేసినవాడు కుస్తీ కంపెనీ యజమాని. మీరు రింగులో పడి లేవలేకపోయిన రోజు, మీ చేతిలో కదలిక లేదని తెలిసి కూడా, గంట కొట్టించకుండా "కానివ్వండి, కానివ్వండి" అని వేలు తిప్పినవాడు అతను. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆస్పత్రి మెట్టెక్కనివాడు అతను. అలాంటి మనిషికి వచ్చే ఆదివారం ఉదయం పదకొండు గంటలకి, అదే హాల్లో, సన్మానం చేస్తున్నారు. కంపెనీ పెట్టి ముప్ఫై ఏళ్లయిందట. "కళాపోషకుడు" అని గోడగోడకీ కాగితాలు అంటించారు. ఆ కాగితం మా ప్రెస్సులోనే అచ్చయింది నాన్నా. ఆ అక్షరాలు నా చేతులతోనే కూర్చాను. కూరుస్తున్నంతసేపూ ఒళ్లు మండిపోయింది. ఒక్కో అక్షరం తీసి ఫోర్‌మన్ మొహాన కొడదామనిపించింది.

ముందు మీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు రాస్తాను. లేకపోతే "అడిగింది వదిలేసి ఊరందరి సంగతులూ రాస్తాడు" అంటారు.

దగ్గు తగ్గింది. అమ్మ పంపిన దుప్పటి అందింది, వెచ్చగా ఉంది. ఫోర్‌మన్‌తో మళ్లీ గొడవ పెట్టుకున్నావా అని అడిగారు. పెట్టుకున్నాను. మా దగ్గర కంపోజింగు చేసే ముసలాయనని అతను "ఏయ్" అని పిలిచాడు. నేను అతన్ని "ఏయ్" అని పిలిచాను. అంతే జరిగింది. ఉద్యోగం పోలేదు. సైకిల్ స్టాండులో మీకు టోకెన్ల పని సుఖంగానే ఉందని రాశారు, కానీ రోజంతా ఆ బల్ల మీద కూర్చుంటే నడుం ఎలా ఉంటుందో రాయలేదు. అక్క చిన్నవాడు "మామయ్య చెక్కబొమ్మలు పంపుతానన్నాడు, ఏవీ?" అని రోజూ అడుగుతున్నాడని రాశారు. వాటి సంగతి ఆఖర్న చెప్తాను.

ఇక మీ ఉత్తరం చివర, మిగతా అంతటికంటే చిన్న అక్షరాలతో, "నువ్వు ఆ మనిషి ఇంటికి వెళ్తున్నావని విన్నాం, నిజమేనా?" అని అడిగారు.

ఆ మనిషి అంటే మామయ్య. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. పదమూడేళ్లుగా మన ఇంట్లో ఆయనకి 'ఆ మనిషి' అనే పేరు. నిజమే నాన్నా. రెండేళ్లుగా ప్రతి ఆదివారం వెళ్తున్నాను. ఎందుకు వెళ్తున్నానో చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి. మీరు కూర్చునే చదవండి.

కుస్తీ ఉత్తుత్తిదని నాకు ఎలా తెలిసిందో మీకు నేను ఎప్పుడూ చెప్పలేదు. ఉత్తుత్తిదని మీరూ నాకు ఎప్పుడూ చెప్పలేదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. శనివారం సాయంత్రం నాలుగింటికి ఆట. మామయ్య రింగు కట్టే వడ్రంగి కాబట్టి నాకు మూడో వరస చివర ఒక చోటు ఉండేది. మీరు నల్ల ముసుగు వేసుకుని వచ్చేవారు. హాలంతా లేచి మిమ్మల్ని తిట్టేది. ఆడవాళ్లు కూడా తిట్టేవారు. ఆ తర్వాత మీ మీద గెలిచే బంగారు భుజం వచ్చేవాడు, భుజం మీద పసుప్పచ్చ రంగు పూసుకుని. మీరు వెనక నుంచి పొడిచేవారు, కళ్లలో దుమ్ము కొట్టేవారు, గంట కొట్టకముందే మీద పడేవారు. చివరికి అతను మిమ్మల్ని ఎత్తి కుదేసేవాడు. ప్రతి శనివారం అంతే. మిమ్మల్ని కొట్టే ప్రతి దెబ్బకీ చుట్టూ చప్పట్లు మోగుతుంటే, ఆ హాల్లో మీ తరఫు మనిషిని నేనొక్కణ్ణే.

సోమవారం బడిలో మొదలయ్యేది. "ఏరా, మీ నాన్న ఈవారం ఎన్ని తిన్నాడు?" "మీ ఇంట్లో గెలవడం ఎవరికీ రాదా, లేక మీ నాన్నకేనా?" ఒకడి మీద పడి కొట్టాను. వాడు నాకంటే బలమైనవాడు. నా ముందు పన్ను ఊడింది. మెట్ల మీద జారిపడ్డానని మీకు చెప్పాను. మీ పేరు ఎత్తితే మీరు బాధపడతారని.

శనివారం శనివారం మీరు కుంటుకుంటూ ఇంటికి వచ్చేవారు. నేను ఇటుకని పొయ్యి మీద వేడి చేసి, పాత తువ్వాల్లో చుట్టి, మీ మోకాలికి కాపడం పెట్టేవాణ్ణి. "అబ్బా, అక్కడేరా, కొంచెం పైకి" అనేవారు. నా కళ్లనీళ్లు మీకు కనబడకూడదని తల వంచుకుని పెట్టేవాణ్ణి. అమ్మ వంటింటి గుమ్మం దాకా వచ్చి, చూసి, చటుక్కున లోపలికి వెళ్లిపోయేది. ఏడుపు దాచుకోవడానికి వెళ్తోందనుకునేవాణ్ణి. నవ్వు దాచుకోవడానికని తర్వాత తెలిసింది. తనకి మామయ్య ముందే చెప్పేశాడట.

ఒక బుధవారం బడి ఒంటిపూటే ఉంది. అమ్మ నాకు మీ భోజనం క్యారేజీ ఇచ్చి పంపింది. హాలు వెనక రేకుల షెడ్డు దాకా వచ్చేసరికి లోపల్నుంచి మీ నవ్వు వినబడింది. మీరు ఇంట్లో అంత పెద్దగా నవ్వగా నేను వినలేదు. తలుపు సందులోంచి చూశాను. మీరు ముసుగు లేకుండా బల్ల మీద కూర్చున్నారు. పోయిన శనివారం మీ చెయ్యి వెనక్కి విరిచిన బంగారు భుజం మీ వెనక నిలబడి, అదే భుజానికి నూనె రాస్తున్నాడు.

"అన్నా, మొన్న కొంచెం గట్టిగా తగిలిందా?"

"లేదురా తమ్ముడూ. నువ్వే ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడుతున్నావు. నీ నడుం జాగ్రత్త."

"ఈ శనివారం ఎటు పడతావు?"

"ఎడమకి. కుడివైపు వాళ్ల కోసం పోయినవారం పడ్డానుగా. ఎడమవైపు వాళ్లు ఏం పాపం చేశారు?"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆ తర్వాత మీరు సాధన రింగులోకి ఎక్కారు. అతను మిమ్మల్ని చంటిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి విసిరాడు. షెడ్డు అదిరిపోయే మోత. మీ కళ్లు తేలిపోయాయి, చెయ్యి వేలాడిపోయింది. నా ప్రాణం పోయింది. అంతలో మీరు ఒక కన్ను తెరిచి, "ఎలా ఉంది?" అన్నారు.

"చచ్చిపోయావనే అనుకున్నా అన్నా!"

మీరు లేచి, ఒళ్లు దులుపుకుని, టీ గ్లాసు దగ్గరికి నడిచి వెళ్లారు. నేను మీ నవ్వు చూడలేదు, అతన్ని చూడలేదు, ఆ నడకనే చూశాను. కుంటు లేదు. శనివారం నుంచి నేను కాపడం పెడుతున్న మోకాలు అది.

నన్ను మీరు చూడలేదు. చూసింది మామయ్య. ఆయన రింగు కింద సుత్తి పట్టుకుని కూర్చుని ఉన్నాడు. నా కాళ్లు చూసి గుర్తుపట్టాడు.

"ఒరేయ్ అగ్గిపుల్లా, ఇలా రా. నీకొకటి చూపిస్తాను."

నన్ను సంతోషపెడదామనే పిలిచాడు పాపం. నేను కిందికి పాకాను. చీకటిగా ఉంది, రంపపు పొట్టు వాసన. మామయ్య వేలి కణుపుతో పైపలకని కొట్టాడు. డబ్బా మోగినట్టు మోగింది.

"చూశావా, నడిమి పలకలకీ ఈ దూలానికీ మధ్య బెత్తెడు ఖాళీ వదిలాను. మనిషి పడితే పలక వంగుతుంది, ఈ ఖాళీలో మోత పుడుతుంది. హాలు చివరన కూర్చున్నవాడికి కూడా ఎముకలు విరిగినట్టే వినబడాలి. బంగారు భుజం బలం అంటారు జనం. ఆ బలం నాదిరా, ఇదిగో ఇక్కడుంది."

"అయితే అంతా అబద్ధమేనా మామయ్యా?"

"అబద్ధం అని కాదురా. ఈ ఖాళీ ఉంది చూశావూ, ఇది మోత కోసమే కాదు..."

ఆయన ఇంకేదో చెప్పబోయాడు. నేను వినలేదు. పాక్కుంటూ బయటికి వచ్చి, క్యారేజీ అక్కడే పెట్టి, పరిగెత్తాను.

మీరు ఓడిపోతారని నాకు కోపం లేదు నాన్నా. ఓడిపోయే నాన్న ఉండడం నాకు అలవాటైపోయింది. నా పన్ను నిజంగా ఊడింది. నేను మూడో వరసలో కూర్చుని ఏడ్చిన ఏడుపు నిజం. ఇటుకకి కాలి నా బొటనవేలు బొబ్బెక్కడం నిజం. మీ వైపు ఉన్నవన్నీ అబద్ధాలు, నా వైపు ఉన్నవన్నీ నిజాలు. ఇది ఏ లెక్కన న్యాయం అని అప్పుడే అడిగాను, ఏ పుస్తకమూ చదవకముందే.

ఆ సాయంత్రం మీకు ఒక్క అవకాశం ఇచ్చాను. మీకు గుర్తుండదు. "మోకాలు ఎలా ఉంది నాన్నా?" అని అడిగాను. మీరు నా మొహంలోకి చూసి, "ఇంకా సలుపుతోందిరా" అని, కుంటుకుంటూ చేతులు కడుక్కోవడానికి వెళ్లారు.

గడప దాటాక కూడా ఆట ఆపకూడదని, పెళ్లాంబిడ్డల దగ్గర కూడా బయటపడకూడదని యజమాని మీ అందరిచేతా ఒట్టు వేయించుకునేవాడట. ఈమధ్యే బంగారు భుజం చెప్పాడు. ఆ రోజు నాకు తెలియదు.

ఇక ఆ శనివారం. మీరు ఎన్నడూ నోరు విప్పని రోజు గురించి రాస్తున్నందుకు క్షమించండి.

అతను మిమ్మల్ని ఎత్తాడు. ఎడమవైపు వాళ్లకి కనబడేలా తిరిగాడు. కుదేశాడు. ఆ రోజు డబ్బా మోగలేదు. బస్తా పడ్డట్టు 'ధప్' అని ఒకే ఒక్క చప్పుడు. మీరు లేవలేదు. జనం ఒక్క క్షణం ఆగి, తర్వాత ఈలలు వేశారు. నేను బల్ల మీదికెక్కి అరిచాను. "నాటకం! ఆయనకి లేవడం వచ్చు! అంతా నాటకం!" నా పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆ అరుపు మీ చెవిన పడిందో లేదో ఇన్నేళ్లూ అడగలేకపోయాను.

రింగులో ఏం జరిగిందో పోయిన నెలలో బంగారు భుజం నాకు చెప్పాడు. ఇప్పుడతను బట్టల మిల్లు గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు, ఒక చెవి వినబడదు. పడేసిన ప్రతిసారీ అవతలివాడి అరచేతిని రెండుసార్లు నొక్కడం మీ పద్ధతి అట. తిరిగి రెండుసార్లు నొక్కితే బాగున్నట్టు. అతను నొక్కాడు. మీ చెయ్యి నొక్కలేదు. మళ్లీ నొక్కాడు. యజమాని వైపు తిరిగి, కాదు, అయిపోయింది అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. యజమాని వేలు తిప్పాడు, కానివ్వమని. అప్పుడతను మీ మీద పడుకున్నాడు. తన బరువంతా మోచేతుల మీద ఆపుకుని, మీరు అంగుళం కదలకుండా, ఎవరూ మిమ్మల్ని లాగకుండా, గంట కొట్టేదాకా అలాగే కాపు కాశాడు. జనం దాన్ని గెలుపు అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. అది చెప్తూ ఆ మనిషి ఏడ్చాడు. "అన్నయ్యకి నేనే చేశాననుకుంటున్నాడా?" అని అడిగాడు. లేదు, మామయ్య చేశాడనుకుంటున్నారని చెప్పాను.

ఆస్పత్రిలో మొదటి మూడు రోజులూ నేను నమ్మలేదు. మీ మంచం పక్కన నిలబడి మీ మొహం చూడలేదు, కాళ్లనే చూశాను. ఎవరూ లేనప్పుడు లేచి నడుస్తారేమోనని తలుపు చాటు నుంచి కాపలా కాశాను. నాలుగో రోజు నర్సు మిమ్మల్ని పక్కకి తిప్పితే మీరు అరిచిన అరుపుకి నమ్మాను. ఆట ముగిసి చాలా రోజులైందని అప్పుడర్థమైంది.

మామయ్య ఆ శనివారమే ఒప్పుకున్నాడు. రింగు కిందికి దూరి, బయటికి వచ్చి, యజమాని ముందు, అందరి ముందు చెప్పాడు. "తప్పు నాది. పలక సవరిస్తూ కింద ఆనింపుగా చెక్కలు పెట్టాను. తీయడం మరిచిపోయాను." ఆనింపు ఉంటే పలక వంగదు. వంగని పలక మీద మనిషిని కుదేస్తే ఏమవుతుందో ఆ హాల్లో రింగు తెలిసినవాళ్లందరికీ తెలుసు. యజమానికి అంతకంటే ఏం కావాలి? "మీ బావమరిది నిర్వాకం, మీరూ మీరూ చూసుకోండి" అని చేతులు దులుపుకున్నాడు. మామయ్య ఆస్పత్రికి వస్తే మీరు గోడ వైపు మొహం తిప్పుకున్నారు. "ఈ మనిషి మళ్లీ నా గుమ్మం తొక్కకూడదు" అన్నారు. అమ్మ ఆ రోజు నుంచి తమ్ముడి మొహం చూడలేదు. మీరు నడవగలిగాక, అక్క పెళ్లయ్యాక, అక్క వాళ్ల ఊరు వెళ్లిపోయారు. నేను ప్రెస్సు పనికని ఇక్కడే ఉండిపోయాను.

మామయ్యకి మళ్లీ ఎవరూ రింగు పని ఇవ్వలేదు. పెళ్లిపందిరి కూడా కట్టనివ్వలేదు. ఎవరైనా పిలిచినా, "ఆనింపు మరిచిపోయే వడ్రంగి కదా" అని పక్కవాడు గుర్తుచేసేవాడు. ఇప్పుడు కలప డిపో వెనక రేకుల గదిలో ఉంటూ సరుకు పెట్టెలు కొడుతున్నాడు. కుడిచెయ్యి వణుకుతోంది. మేకు నిలబెట్టేటప్పుడు వణుకుతుంది, సుత్తి ఎత్తగానే ఆగిపోతుంది. నేను వెళ్లిన ప్రతిసారీ మొదటి ప్రశ్న ఒకటే. "మీ అమ్మ కంటి చూపు ఎలా ఉంది?" రెండోది మీ గురించి. మీ పేరు ఎత్తడు. "ఇంట్లో అందరూ..." అని ఆపేస్తాడు.

సన్మానం సంగతి తెలిశాక నేను ఊరుకోలేకపోయాను. పాత కుస్తీవాళ్లు ఎనిమిదిమందిని పోగుచేశాను. ఒకరికి భుజం లేవదు, ఒకరికి మెడ తిరగదు. అందర్నీ విరిగిన వస్తువుల్లా బయటికి నెట్టిన మనిషే ఈ యజమాని. సన్మానానికి గంట ముందు హాలు వెనక గేటు దగ్గర నిలబడదామని, కరపత్రం పంచుదామని అనుకున్నాం. కరపత్రం నేనే రాశాను. పనయ్యాక నేనే కూర్చాను. ఈ ఉత్తరం మొదట్లో "మన ఇంటికి ఒక అన్యాయం జరిగింది" అని రాశానే, ఆ మాటలు ఆ కరపత్రంలోవే. మూడో వాక్యం ఇది: "కుళ్లిన పలకలతో రింగు కట్టించి మా నాన్న నడుం విరగ్గొట్టాడు."

అచ్చు వేసేముందు ఒక నమూనా కాగితం తీసి, పోయిన ఆదివారం మధ్యాహ్నం మామయ్యకి చూపించాను. మెచ్చుకుంటాడనే అనుకున్నాను. "మీ మీద ఉన్న మచ్చ తుడిచేస్తున్నాను మామయ్యా" అన్నాను కూడా.

ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో మాటా వేలితో తడుముతూ చదివాడు. చాలాసేపు పట్టింది.

"బాగా రాశావురా. ఇందులో ఒక్క మాట తీసెయ్."

"ఏది?"

"కుళ్లిన పలకలు. ఆ పలకలు నేను ఏరి వేసినవి. ఒక్కదానికి పగులు లేదు, పురుగు లేదు. మరిచిపోయానంటే ఒప్పుకున్నాను. కుళ్లిన పలక వేశానంటే ఒప్పుకోను."

నాకు కోపం వచ్చింది. "ఇంకా ఆ యజమానినే వెనకేసుకొస్తున్నారా? మీలాంటివాళ్లు నోరు మూసుకోబట్టే వాళ్లు పూలదండలు వేయించుకుంటున్నారు. ఎందుకంత భయం మీకు?" అని అరిచాను. ఇంకా చాలా అన్నాను. రాయడానికి సిగ్గేస్తోంది.

మామయ్య కళ్లజోడు తీసి కాగితం మీద పెట్టాడు. లేచి, పనిముట్ల పెట్టె అడుగునుంచి ఒక గుడ్డమూట తీసి నా ముందు విప్పాడు.

నాలుగు చెక్క ఇటుకలు. ఒక వైపు ఎర్ర రంగు.

నాన్నా, ఆ ఎర్ర ఇటుకలు మీకు గుర్తున్నాయా? రింగు కట్టగా మిగిలిన కలపతో మామయ్య నాకు చేసి ఇచ్చాడు. పన్నెండు ఉండేవి. నేను గోడలు కడుతుంటే మీరు కాలితో తగిలించి "భూకంపం!" అనేవారు. ఒకరోజు నుంచి ఎనిమిదే ఉన్నాయి. మిగతావి ఏమయ్యాయని మీరెవరూ అడగలేదు, అప్పుడు ఇంట్లో బొమ్మలు లెక్కపెట్టే తీరిక ఎవరికీ లేదు.

ఆ శనివారం రెండింటికి మామయ్య రింగు కిందికి దూరి ప్రతి పలకనీ కణుపుతో కొట్టి చూసుకుని వచ్చాడు. మూడింటికి నేను దూరాను. నడిమి పలకల కింద, దూలం మీద, రెండు ఇటుకలు, వాటి మీద రెండు పెట్టి, రాయితో కొట్టి బిగించాను. తర్వాత మామయ్యలాగే కణుపుతో కొట్టి చూశాను. మోత రాలేదు. 'తప్' మంది. అబద్ధాన్ని చంపేశాననుకున్నాను. ఇవాళ మోత రాదు, జనానికి అంతా తెలిసిపోతుంది, నవ్వుతారు, మా నాన్న ఈ పని మానేసి మామూలు మనిషిలా ఏదో పనికి వెళ్తాడు, ఇంటికి మామూలుగా నడిచి వస్తాడు. నా ఆలోచన అంతవరకే పోయింది.

చేసింది నేను నాన్నా. మామయ్య కాదు. పలకలు కాదు. నేను.

మామయ్య ఒప్పుకున్నాడని విన్న రోజు నాకు ఏమనిపించిందో కూడా రాసేస్తాను, దాచను. హాయిగా అనిపించింది. నిజంగానే ఆయనే ఏదో మరిచిపోయాడేమో, నా ఇటుకలు ముందే జారిపోయాయేమో అనుకున్నాను. రోజూ కొంచెం కొంచెం అనుకుంటూ పోతే అది నిజమే అయిపోయింది. పెద్దవాణ్ణయ్యాక యజమాని దొరికాడు. వాడి మీద ఎంత గట్టిగా అరిస్తే నాకు అంత తేలిగ్గా ఉండేది. మీ ఒక్క అబద్ధానికి మిమ్మల్ని క్షమించనివాణ్ణి, పదమూడేళ్ల అబద్ధం మీద కూర్చుని అందరికీ నీతులు చెప్పాను.

"మీకు ఎప్పుడు తెలుసు?" అని అడిగాను.

"అప్పుడే. నా చేత్తో చిత్రిక పట్టినవి నేను గుర్తుపట్టనా? చొక్కాలో చుట్టుకుని బయటికొచ్చాను."

"ఎందుకు చెప్పలేదు?"

"ఎవరికి చెప్పాలిరా? బావకి నడుం పోయింది. కొడుకు కూడా పోవాలా? నేనెలాగూ బావమరిదిని. బావమరిది మీద కోపం ఎన్నాళ్లుంటుంది, ఏడాది తిరక్కుండా పోతుందనుకున్నాను." ఇటుకల మీది దుమ్ము తుడిచాడు. "పదమూడేళ్లుంటుందనుకోలేదు."

ఆయనే మళ్లీ అన్నాడు.

"ఒక్కటి అడగాలని ఉండేదిరా అల్లుడూ. ఎందుకు పెట్టావు?"

"మోత ఆపుదామని."

మామయ్య నా వైపు తిరిగాడు. చెయ్యి వణకడం ఆగిపోయింది.

"అంతేనా? మీ నాన్న మీద కోపంతో, ఆయనకి దెబ్బ తగలాలని పెట్టావనుకున్నాను ఇన్నేళ్లూ."

అలా అనుకుని కూడా ఆ నింద తన మీద వేసుకున్నాడు నాన్నా. అలా అనుకుని కూడా, నేను వెళ్లిన ప్రతి ఆదివారం నాకు కుర్చీ తుడిచి వేశాడు.

"ఆ రోజు నేను చెప్తుంటే సగంలో పారిపోయావు" అన్నాడు. "మిగతా సగం ఇప్పుడు విను. ఆ ఖాళీ మోత కోసమే కాదురా. మనిషిని పట్టుకునేది ఆ ఖాళీయే. పడ్డవాణ్ణి పలక కొంచెం కిందికి తీసుకుని, మెల్లిగా ఆపుతుంది. మీ నాన్న పన్నెండేళ్లు దాని మీద పడి లేచాడు. మోత జనానికి. ఖాళీ ఆయనకి."

ఆ కరపత్రం అచ్చు పలకని ఆ సాయంత్రమే విప్పేశాను. అక్షరాలన్నీ తిరిగి అరల్లో వేశాను. కొత్తది కూర్చాను. వేలు తిప్పినందుకు, మిమ్మల్నీ మిగతా ఎనిమిదిమందినీ బయటికి నెట్టినందుకు యజమాని పేరు అందులో ఉంది. అది నిజం, దాన్ని తీయను. దానికంటే ముందు, పెద్ద అక్షరాలతో, నా పేరు ఉంది. ఆనింపు పెట్టింది వడ్రంగి కాదని, ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఉంది. కాగితం ఎవరికీ ఇవ్వకముందే ఆ గేటు దగ్గర నిలబడి నా నోటితో చెప్తాను. యజమాని మనుషులు నవ్వుతారు, నవ్వనివ్వండి. మాతో ఉన్నవాళ్లలో ఇద్దరు "ఇప్పుడెందుకయ్యా ఇవన్నీ, మన బలం పోతుంది" అన్నారు. పోతే పోనీ అన్నాను.

మామయ్య వద్దంటున్నాడు. "బావకి ఉత్తరం రాయకు, ఈ వయసులో ఆయనకి మళ్లీ ఇంకొక దెబ్బ ఎందుకు" అంటున్నాడు. కానీ ఆదివారం గేటు దగ్గరికి వస్తానని మాత్రం ఒప్పుకున్నాడు. ఉన్న రెండు చొక్కాల్లో ఏది వేసుకోవాలని అడిగాడు. మీరు వస్తారేమోనన్న ఆశ ఆ ప్రశ్నలో ఉంది. నాకు అర్థమైంది.

అక్క చిన్నవాడి బొమ్మల సంగతి. మామయ్యే చేస్తున్నాడు, పన్నెండు ఇటుకలు. నునుపు పట్టడం అయింది. "రంగు వేయనా, వద్దా?" అని అడిగాడు. అది మీరు చెప్పాలి.

శనివారం రైలెక్కితే ఆదివారం ఉదయం ఎనిమిదికి దిగుతారు. నేను స్టేషనుకి రాను. వస్తే మీ కాళ్ల మీద పడి అక్కడే అంతా ఏడ్చేసి, తీరా గేటు దగ్గర నోరు లేకుండా నిలబడతానని భయం. అమ్మని తప్పకుండా తీసుకురండి. తమ్ముణ్ణి చూసి పదమూడేళ్లయింది, ఆయన జుట్టంతా తెల్లబడిందని ముందే చెప్పండి. మీరు నా మొహం చూడనంటే చూడకండి. ఆస్పత్రిలో మామయ్యని చూసి మీరు తిరిగిన ఆ గోడ, నాకు రావలసింది. నా వైపు తిరగకపోయినా సరే, ఆయన వైపు ఒక్కసారి తిరగండి.

బంగారు భుజం మీ పక్కన నిలబడతానన్నాడు. మీరు చెయ్యి చాపితే రెండుసార్లు నొక్కుతాడట. తిరిగి నొక్కుతారో లేదో మీ ఇష్టం.

హాలు వెనక గేటు. ఆదివారం. ఉదయం సరిగ్గా పది గంటలు.

ఇట్లు,
ఒకప్పుడు మీ మోకాలికి కాపడం పెట్టిన
మీ కొడుకు